నొప్పి లేదని చెప్పు

రిటైరయ్యాక నన్ను మాట్లాడమని పిలిచిన ప్రతి కాలేజీలోనూ మొదటి ప్రశ్న ఒకటే. "పెంగ్విన్లను చూశారా మేడమ్?" చూశాను. గాలి మా ఓడ వైపు తిరిగినప్పుడు వాటి వాసన కూడా చూశాను. దాని ముందు ఎండుచేపల దిబ్బ ఎంతో నయం. రెండో ప్రశ్న చలి గురించి, మూడోది తిండి గురించి. అంత దూరం పోయి మీరు చేసిన పని ఏమిటని అడిగేవాళ్ళు తక్కువ. ఆ పని సగంలో ఎందుకు ఆగిందని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను. మీలో కొందరైనా రేపు అలాంటి ఓడలు ఎక్కుతారు.

మాది నాయుడుపేట దగ్గర వరి పండించే కుటుంబం. సముద్రంతో మా ఇంట్లో ఎవరికీ పని పడలేదు. నేను జంతుశాస్త్రం చదివి, సముద్ర పరిశోధన చేసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో చేరి, మైపాడు నుంచి పులికాట్ దాకా తీరం వెంట రొయ్య పిల్లల మీద చాలా ఏళ్ళు పనిచేశాను. సూదిమొనంత ఉండే పిల్లను చూసి అది ఏ రొయ్యదో, ఎన్నో దశలో ఉందో చెప్పడం నా పని. ఇంట్లోవాళ్ళకు ఇది ఉద్యోగమని నమ్మకం కుదరడానికి చాలా కాలం పట్టింది. ఆ పని తెలిసినవాళ్ళు దేశంలో ఎక్కువమంది లేకపోవడం వల్లే దక్షిణ సముద్రానికి వెళ్ళే ఓడలో నాకు చోటు దొరికింది.

అక్కడ మేం వెతికింది క్రిల్ కోసం. చూడటానికి చిటికెన వేలంత రొయ్యలా ఉంటుంది. ఒళ్ళంతా గాజులా పారదర్శకం, అక్కడక్కడా ఎర్రటి చుక్కలు, మిరియపు గింజల్లాంటి నల్లటి కళ్ళు. తిమింగలాలు, సీళ్ళు, పెంగ్విన్లు, అక్కడి చేపలు, అన్నీ దాని మీదే బతుకుతాయి. మనకేమిటి సంబంధం అనుకోకండి. ఇందుకూరుపేట వైపు చెరువుల్లో చల్లే కొన్ని రకాల రొయ్యల మేతలో క్రిల్ పిండి కలుస్తుంది. మీరు తిన్న రొయ్య ఏదో ఒక పూట దాన్ని తినే ఉంటుంది.

క్రిల్ పిల్లలు శీతాకాలమంతా సముద్రం మీద గడ్డకట్టిన మంచు అడుగున దాక్కుని, ఆ మంచుకు పట్టిన పాచిని గీక్కుని తింటూ బతుకుతాయి. మంచు తగ్గితే పిల్లలు తగ్గుతాయా? ఎంత తగ్గుతాయి? మా ప్రయాణం మొత్తం ఆ ప్రశ్న కోసం. జవాబు దొరికే చోటు మంచు అంచు ఒక్కటే. దారిలో నీలి నీళ్ళలో మేం లాగిన వలలన్నీ పోల్చి చూసుకోవడానికి మాత్రమే. అంచు దాకా పోకపోతే పోల్చడానికి రెండోవైపు ఏమీ ఉండదు.

ఓడ ఎక్కిన మొదటి రోజుల్లో నేను శాస్త్రవేత్తను కాను. బకెట్ పట్టుకుని కూర్చున్న ఒక మనిషిని. కాస్త తేరుకుని గాలి కోసం డెక్ మీదికి వచ్చిన పూట, నా వెనక ఎవరో తాడు చుడుతూ, "ఇదేం ముడి రా సామీ, ఎవుడేసినాడో గానీ" అని గొణుక్కోవడం వినిపించింది. గిరుక్కున తిరిగాను.

"ఏ ఊరు నీది?"

అతను తాడు వదిలేశాడు. "మైపాడు మేడమ్. మీరు మనోళ్ళేనా?"

"నాయుడుపేట పక్కన."

"అయితే ఇంక మేడమ్ ఏంది? అక్కా అంటా."

ముప్ఫై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచి నాన్నతో పడవ మీద వేటకు పోయినవాడు. తర్వాత చెన్నైలో ఏజెంటు ద్వారా సరుకు ఓడల్లో పనిచేసి, ఇప్పుడు మా ఓడకు కాంట్రాక్టు మీద డెక్ పనికి వచ్చాడు. ఓడలో అందరితో వచ్చీరాని హిందీ మాట్లాడేవాడు. తెలుగు మాట్లాడటానికి అతనికి నేను తప్ప, నాకు అతను తప్ప ఇంకెవరూ లేరు. "ఈ ట్రిప్పు బాగా చేస్తే పర్మనెంటు చేస్తామన్నారక్కా. మా ఇంటామె అప్పుడే ఊరంతా చెప్పేసింది" అని మొదటి రోజే చెప్పాడు.

మొదటిసారి వల నిండా క్రిల్ పైకి వచ్చినప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం. అతను వంగి దోసిట్లోకి తీసుకుని చూశాడు.

"ఇంతేనా అక్కా? ఇంత పెద్ద ఓడ, ఇంతమంది సార్లు, ఇంత దూరం వచ్చి రొయ్యపొట్టు పడతా ఉండామా?"

"రొయ్య కాదది. రొయ్య లాంటిది."

"పేరు మారిస్తే కూరకు పనికిరాదా?"

దాని పెంకులో ఫ్లోరైడ్ ఎక్కువ, ఒలవకుండా తినకూడదని చెప్పాను. చచ్చిన కాసేపటికే కడుపులో రసాలకు అదే కరిగి మెత్తబడిపోతుంది, అందుకని వెంటనే ఒలవాలి. ఇద్దరం కూర్చుని బకెట్ క్రిల్ ఒలిస్తే వచ్చింది ఒక గిన్నెడు. అతను వంటవాణ్ణి బతిమాలి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేసి ఇగురు పెట్టాడు. మా బృందానికి నాయకుడు పదవీ విరమణకు దగ్గరపడిన మలయాళీ శాస్త్రవేత్త. ఆయనకది చివరి ప్రయాణం. ఆయన రెండోసారి వడ్డించుకుని, "ఇప్పుడు నేను ఎన్ని శాంపిళ్ళు తిన్నాను?" అని నన్ను అడిగారు.

ఆ మంచి రోజులు అలాగే సాగి, ఒక ఉదయం ఆకాశం అడుగున తెల్లటి వెలుగు కనిపించింది. మంచు కనిపించడానికి ముందే దాని తెలుపు మబ్బుల అడుగున మెరుస్తుంది. వలలు లాగుతూ పోతే ఎల్లుండికి అంచుకు చేరతామని కెప్టెన్ చెప్పాడు. నేను నా వలలన్నీ మరోసారి సరిచూసుకున్నాను. ఆ నెలల్లో అక్కడ రాత్రి అనేది పేరుకే. నిద్ర పట్టకపోవడానికి వెలుగు ఒక సాకు.

మరునాడు పొద్దున, అంచుకు ముందు చివరి వల లాగుతున్నప్పుడు ప్రమాదం జరిగింది. వలకు కట్టిన ఇనుప తాడు యంత్రంతో తిరిగే పెద్ద డ్రమ్ము మీద చుట్టుకుంటుంది. అది వరుసగా పడకపోతే ఇనుప కడ్డీతో సర్దాలి, చేత్తో ముట్టుకోకూడదు. ఈ సంగతి అందరికీ చెప్పారు, అతనికీ చెప్పారు. కానీ చిన్నప్పటి నుంచి పడవ మీద తాడును చేత్తో సర్దిన మనిషి. తాడు పక్కకు జరగడం చూసి ఎడమ చెయ్యి వేశాడు. గడ్డకట్టిన గ్లవ్ తాడుకు అతుక్కుంది. ఓడ ఒక పక్కకు ఒరిగింది. చెయ్యి తాడుకూ డ్రమ్ముకూ మధ్యకు పోయింది.

యంత్రం ఆపిన మనిషి చురుకైనవాడు కాబట్టి నష్టం ఆ చేతితోనే ఆగింది.

మా ఓడ డాక్టరు సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి, ఉత్తరాది ఆయన. ఎక్స్‌రే తీసి, కట్టు కట్టి, పడుకోబెట్టారు. రెండు వేళ్ళ ఎముకలు విరిగాయనీ మిగతాది చూడాలనీ అన్నారు. ఓడ మంచు వైపే పోతోంది. మధ్యాహ్నానికి నాకు కబురు పంపారు. గది బయటే నన్ను ఆపి మాట్లాడారు.

"ఎముకలు నాకు కనిపిస్తాయి. లోపలి వాపు కనిపించదు. చేతి కండలు బిగుతైన సంచుల్లో ఉంటాయి. వాపు వస్తే ఆ సంచి సాగదు. నెత్తురు ఆడక కొన్ని గంటల్లో కండ చచ్చిపోతుంది. అదే జరుగుతుంటే ఇప్పుడే కోసి ఆ బిగుతు వదలగొట్టాలి. కోశాక ఇక్కడ ఉంచలేను, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అలా జరగకపోతే ఊరికే కోయకూడదు. ఈ ఊగే ఓడలో చీము పట్టిందంటే అదింకా ప్రమాదం."

"నేనేం చెయ్యాలి?"

"నొప్పి పెరుగుతోందా, తగ్గుతోందా? వేళ్ళు చాపితే ఎలా ఉంది? ముట్టుకుంటే తెలుస్తోందా? ఇవి అతను మాత్రమే చెప్పగలిగినవి. నాతో 'ఠీక్ హై సాబ్' తప్ప ఇంకో మాట అనడు. నాకు నమ్మకం కలగడం లేదు. మీ భాషలో అడగండి."

లోపలికి వెళ్ళాం. అతను దిండుకు ఆనుకుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. డాక్టరు కట్టు విప్పారు. చెయ్యి ఉబ్బి, చర్మం నిగనిగలాడుతోంది. ఆయన వేళ్ళను నెమ్మదిగా వెనక్కి చాపుతుండగా నేను అడిగాను.

"నొప్పి ఎట్టుందో నిజం చెప్పు."

అతని మొహంలో నవ్వు అలాగే ఉంది. గొంతు కూడా, రేవులో వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టే ఉంది.

"అక్కా, నువ్వు మొహం మార్చబాక. ప్రాణం పోతా ఉండాది. ఆ రెండు వేళ్ళు ముట్టుకుంటే తెలవడంలా. లోపల నిప్పులు పోసినట్టుండాది, పొద్దుటికన్నా ఎక్కవగా ఉండాది. నువ్వు మాత్రం ఆయనకి నొప్పి లేదని చెప్పు."

"ఏమంటున్నాడు?" అన్నారు డాక్టరు.

"ఒక్క నిమిషం" అన్నాను ఇంగ్లీషులో. మళ్ళీ అతని వైపు తిరిగాను. "నీ వేళ్ళు పోతాయి అబ్బయా."

"పోతే నా వేళ్ళు గదా. చెయ్యి కోసినోణ్ణి ఇంకే ఓడ ఎక్కనిస్తారు? రేపు మంచుకాడికి పోతే మీ పని అయిపోతాది, నా పని నిలబడతాది. సాయంత్రానికి అదే తగ్గతాది. చెప్పక్కా."

ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేను ఏం చెబితే అదే అతను అన్నట్టు. అతను అడిగింది చెబితే ఓడ ముందుకే పోతుంది. మరునాడు నా వలలు మంచు అంచున దిగుతాయి. ఆ పని కోసం నేనూ బయట ఉన్నవాళ్ళూ ఏళ్ళ తరబడి ఎదురుచూశాం. అది నాకు గుర్తు రాలేదని చెబితే మీరు నమ్మరు. వచ్చింది. మొదట అదే వచ్చింది.

నేను అతన్ని చూడటం మానేసి డాక్టరును చూస్తూ, అతను అన్నది అన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. నొప్పి పెరుగుతోంది. రెండు వేళ్ళకు స్పర్శ లేదు. నొప్పి లేదని చెప్పమని నన్ను అడుగుతున్నాడు.

'పెయిన్' అన్న మాట ఓడలో తిరిగిన వాడికి తెలియకుండా ఉంటుందా? నవ్వు పోయింది. తల గోడ వైపు తిప్పుకున్నాడు. "నిన్ను నమ్మి చెప్తినే" అన్నాడు.

డాక్టరు చేతులు కడుక్కోవడానికి లేచారు. నన్ను బయటికి పొమ్మన్నారు.

కాసేపటికి పైన కెప్టెన్ దగ్గర మా నాయకుడూ నేనూ నిలబడ్డాం. డాక్టరు కోసి వచ్చి, లోపల కండ రంగు మారడం మొదలైందనీ ఎంత తొందరగా ఆసుపత్రికి చేరిస్తే అంత చెయ్యి మిగులుతుందనీ చెప్పారు. దగ్గరలో ఉన్న రేవు అంటే దక్షిణాఫ్రికా. దగ్గర అనేది అక్కడి లెక్క ప్రకారం. వెళ్ళి మళ్ళీ మంచు దాకా రావడానికి ఇంధనం చాలదు, కాలమూ చాలదు. కెప్టెన్ నిర్ణయం తీసుకోవడానికి మమ్మల్ని అడగాల్సిన అవసరం లేదు. మర్యాదకు అడిగాడు.

మా నాయకుడు కిటికీలోంచి ఆ తెల్లటి వెలుగు వైపు చూశారు. "తిప్పండి" అన్నారు. తర్వాత నాతో, "మంచు వచ్చే ఏడాదీ ఉంటుంది" అని, మళ్ళీ తానే, "ఉంటుందనే అనుకుందాం" అన్నారు.

ఓడ తిరుగుతున్నప్పుడు తెలుస్తుంది. వెలుగు గదిలో ఒక గోడ నుంచి ఇంకో గోడకు నడుస్తుంది. భోజనాల దగ్గర అందరూ పళ్ళేల్లోకి చూసుకుంటూ తిన్నారు. మంచు పాచి మీద పనిచేసే సహోద్యోగి ఒకాయన ఉండేవారు. ఆయన పెట్టెలు అసలు తెరవనే లేదు. తిని లేస్తూ నా పక్కన ఆగి, "మీరు అనువాదం బాగా చేశారట" అన్నారు. అందులో ఎంత పొగడ్త ఉందో, ఎంత దెప్పు ఉందో ఆయనకే తెలియాలి. నాలుగు రోజులు పోయాక ఆయనే వచ్చి, నా పక్క కుర్చీలో కూర్చుని, ఏమీ మాట్లాడకుండా టీ తాగి వెళ్ళారు. శాస్త్రవేత్తల క్షమాపణలు ఇలాగే ఉంటాయి. మీకూ అలవాటవుతుంది.

ఉత్తరానికి పోయినన్ని రోజులూ రోజూ అతని దగ్గర కూర్చున్నాను. జ్వరం వచ్చింది, తగ్గింది. అన్నం కలిపి పెట్టాను. తిన్నాడు. "ఎట్టుంది?" అని అడిగితే, "ఠీక్ హై మేడమ్" అనేవాడు. నొప్పి తగ్గిందా, ఇంటికి ఫోన్ చేయించనా, ఏది అడిగినా హిందీలోనే జవాబు. నాతో మళ్ళీ ఒక్క తెలుగు మాట అనలేదు. అక్కా అనలేదు. తిడితే బాగుండేది. నాకొచ్చిన హిందీ అతని హిందీ కంటే గొప్పదేమీ కాదు. ఇద్దరం రాని భాషలో పొడి పొడి మాటలు చెప్పుకుంటూ సముద్రం దాటాం.

ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. చెయ్యి నిలిచింది. ఇంకొంచెం ఆలస్యమైతే మణికట్టు దాకా పోయేదని అక్కడి డాక్టర్లు అన్నారు. అతను విమానంలో ఇంటికి వెళ్ళాడు. అతను అన్నట్టే ఓడ పని పోయింది. సముద్రం మీద పనికి తగడని వైద్య పరీక్షలో తేల్చారు. మా నాయకుడూ నేనూ ఓడ నడిపే సంస్థవాళ్ళతో మాట్లాడాం. మర్యాదగా విన్నారు. అంతకుమించి ఏమీ జరగలేదు.

మా పనీ అంతే. మరుసటి ఏడాది ఓడను వేరే పనికి పంపారు. ఆ తర్వాత వెళ్ళిన బృందంలో నాకు చోటు దొరకలేదు. నాయకుడు రిటైరయ్యారు. మేం అచ్చు వేయించిన వ్యాసంలో ఒక పటం ఉంటుంది. దారి పొడవునా వల వేసిన చోట్లన్నీ చుక్కలు, కిందివైపు తెల్లగా ఖాళీ. వాతావరణం బాగాలేదా అని ఒక సభలో ఎవరో అడిగారు. ఓడలో ఒకరికి దెబ్బ తగిలిందని చెప్పాను. అయ్యో అని, వెంటనే తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయారు. మంచు అంచున క్రిల్ పిల్లల సంగతి వేరే దేశాలవాళ్ళు చూశారు, చూస్తున్నారు. వాళ్ళ వ్యాసాలు చదువుతాను. బాగా చేశారు. మేం కూడా బాగానే చేసి ఉండేవాళ్ళం.

తిరిగొచ్చిన కొత్తలో ఒకసారి మైపాడు వెళ్ళాను. అతని భార్య వాకిట్లోకి వచ్చి, "ఆయన పడుకోనుండాడమ్మా" అంది. పట్టపగలు. లోపల టీవీ వినిపిస్తోంది. మంచినీళ్ళు ఇచ్చింది. తాగి బస్సెక్కాను. మళ్ళీ వెళ్ళడానికి మొహం చెల్లలేదు. రిటైరయ్యాక, ఈ మధ్యనే, కాలేజీ పిల్లలకు రేవు చూపించడానికి వెళ్ళాల్సి వచ్చింది.

పడవలు వచ్చిన వేళ. ఇసుక మీద చేపలు కుప్పలు పోసి వేలం పాట పాడుతున్నారు. కుప్ప చుట్టూ జనం, మధ్యలో ఒక గొంతు ధర పెంచుకుంటూ పోతోంది. జనం భుజాల మీదుగా చూస్తే అతనే. జుట్టు నెరిసింది. ఒళ్ళు వచ్చింది. ఎడమ చెయ్యి గాల్లో ఊపుతున్నాడు. మూడు వేళ్ళు. నన్ను చూశాడు. పాట ఆపలేదు. ఆ కుప్ప అమ్ముడయ్యాక తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఎప్పుడొచ్చినావక్కా?"

పిల్లలు పడవల వైపు వెళ్ళారు. ఇద్దరం బంకు దగ్గర టీ తాగాం. ఇల్లు కట్టుకున్నానన్నాడు. కూతురికి పెళ్ళయిందన్నాడు. ఈ పాట పని ఎలా వచ్చిందని అడిగితే, "గొంతుకి వేళ్ళతో పనేముంది?" అని నవ్వాడు. గ్లాసు ఆ చేత్తోనే పట్టుకున్నాడు.

"నా మీద కోపం పోయిందా?" అన్నాను.

ఆలోచించాడు. "పొయ్యిందని చెప్తే అబద్ధం. చెయ్యి నువ్వు నిలబెట్టినావు. ఓడ కూడా నువ్వే పోగొట్టినావు. రెండిట్లో ఏది కావాల్రా అని నన్ను నేనే అడుక్కుంటా అప్పుడప్పుడు. ఒకరోజు ఒకటంటా, ఒకరోజు ఇంకోటంటా."

అంతకంటే న్యాయమైన జవాబు నాకు ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ నాలో మెదులుతున్న ప్రశ్న ఇక అడగడానికి ధైర్యం వచ్చింది.

"ఆ రోజు నాతో నిజం ఎందుకు చెప్పావు? నొప్పి లేదని నాతో కూడా అనేసి ఉంటే, నేను అదే చెప్పేదాన్ని కదా. నీ మొహం చూసి ఎవరూ కనుక్కోలేకపోయారు."

అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు. అవతల ఇంకో పడవ చేపలు దించుతున్నారు, ఎవరో అతన్ని కేకేస్తున్నారు.

"ఓర్చుకోలేకపోయినా అక్కా" అన్నాడు. "ఎవురికో ఒకరికి చెప్పుకోకుండా ఉండలేకపోయినా. ఆడ మన మాట తెలిసింది నువ్వే."

తువ్వాలు భుజాన వేసుకుని, కొత్త కుప్ప దగ్గరికి నడిచి, పాట మొదలుపెట్టాడు.